మా ఇంటి ఫైబర్ కనెక్షన్: నాలుగేళ్ల వాడకం తరువాత

రాజోలు దగ్గర మా ఊళ్లో 2021 జూన్‌లో ఫైబర్ పెట్టించుకున్నాం. నెలకు 499 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. చెప్పిన వేగం 50 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్ పెడితే ఆ యాభై దాదాపు ఎప్పుడూ కనిపించేది. అయినా మొదటి రెండేళ్లు దీనితో నేను పడిన అవస్థ ఇంతా అంతా కాదు.

నేను రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. మా మరిది పెళ్లి వీడియోలు తీస్తాడు. ముహూర్తాల రోజుల్లో నలభై జీబీ ఫైళ్లు హైదరాబాద్‌లోని ఎడిటర్‌కు పంపాలి. మావారు కువైట్‌లో ఉంటారు. అక్కడ సాయంత్రం ఆరింటికి పని ముగించుకుని ఫోన్ చేస్తే ఇక్కడ ఎనిమిదిన్నర. మాఘమాసం వచ్చిందంటే ఈ మూడూ ఒకే వేళకు కలిసేవి. మరిది అప్‌లోడ్ మొదలుపెట్టగానే నా గొంతు పిల్లలకు తునకలు తునకలుగా వినిపించేది. అటు కువైట్ నుంచి అత్తయ్యగారికి కొడుకు ముఖం కదలకుండా నిలిచిపోయి కనిపించేది.

ఆపరేటర్‌కు చెబితే ఒక కుర్రవాడు వచ్చి ఫోనులో స్పీడ్ టెస్ట్ చేసి, "స్పీడు బాగానే వస్తోంది కదమ్మా" అనేవాడు. 100 ఎంబీపీఎస్ ప్లానుకు మారమన్నాడు, మారాను. రెండు గంటలు పట్టే అప్‌లోడ్ గంటలో అయ్యేది, కానీ ఆ గంటసేపూ క్లాసు పాడే. మూడు నెలలు చూసి మళ్లీ యాభైకే వచ్చేశాను.

అసలు సంగతి నేనే పింగ్, అంటే చిన్న సందేశం ఒకటి వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష, పెట్టి చూసినప్పుడు తెలిసింది. లైను ఖాళీగా ఉంటే 14 మిల్లీసెకన్లు. అప్‌లోడ్ నడుస్తుంటే 400 పైనే. మనం పంపేదంతా ప్యాకెట్లనే చిన్న చిన్న ముక్కలుగా వెళుతుంది. మోడెం తన దగ్గరకు వచ్చిన ప్యాకెట్లన్నిటినీ వరుసలో పోగేసి ఉంచుకుంటుంది. వేలకొద్దీ వీడియో ప్యాకెట్ల వెనుక నా మాట మోసే చిన్న ప్యాకెట్ నిలబడాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. మా పొలం కాలువ శివారులో ఉంది కాబట్టి ఇది నాకు వెంటనే అర్థమైంది. దాళ్వాలో పైనున్నవారు తూములు తెరిచి వదిలేస్తే, కాలువ నిండుగా పారుతున్నా మా చేను తడవదు. వంతులు పెట్టాకే నీరు కిందికి దిగుతుంది.

ఆ వంతులు పెట్టే పనిముట్టు ఉంది. పాత రౌటర్ ఒకటి 1400 రూపాయలకు కొని, అందులో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఈ వరుసను అదుపుచేసే ఎస్‌క్యూఎం విభాగంలో 'కేక్' అనే పద్ధతి ఎంచుకున్నాను. 2012లో క్యాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్సన్ ప్రతిపాదించిన కోడెల్ పద్ధతి దీనికి మూలం. వరుస ఎంత పొడవుందన్నది కాక, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందన్నది కోడెల్ చూస్తుంది. దాని గురి 5 మిల్లీసెకన్లు. ఆలస్యం అంతకు మించి కొనసాగితే కొన్ని ప్యాకెట్లు వదిలేస్తుంది, దాంతో పంపేవారు నెమ్మదిస్తారు. కేక్ దానికి తోడు ఒక్కొక్క ప్రవాహానికీ విడిగా వంతు ఇస్తుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. రౌటర్‌లో వేగాన్ని లైను కన్నా కాస్త తగ్గించి పెట్టాలి. నేను అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండు వైపులా 44 పెట్టాను. అప్పుడే వరుస ఆపరేటర్ మోడెంలో కాక నా రౌటర్‌లో ఏర్పడుతుంది, దాన్ని సరిచేసే అధికారం నా చేతికి వస్తుంది. ఆరు ఎంబీపీఎస్ వదులుకున్నందుకు 400 మిల్లీసెకన్లు 25కు దిగాయి. ఇది పెట్టి రెండేళ్లయింది. మొన్నటి మాఘంలో మరిది అప్‌లోడ్, నా త్రికోణమితి పాఠం, అత్తయ్యగారి వీడియో కాల్ ఒకేసారి సాగాయి. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం ఏ ప్లాను మార్పూ ఇవ్వలేదు.

అన్నిటికీ ఇది మందు కాదు. మాది జీపాన్ లైను, అంటే ఒకే ఫైబర్‌ను స్ప్లిటర్ అనే పెట్టె దగ్గర చీల్చి చాలా ఇళ్లకు ఇచ్చే పద్ధతి. కిందికి సుమారు 2.5 జీబీపీఎస్, పైకి 1.25, దాన్నే ఒక స్ప్లిటర్ మీది ఇళ్లన్నీ పంచుకోవాలి. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రుల్లో మా వేగం 18కి పడిపోతుంది. అప్పుడు నేను పెట్టిన 44కు అర్థం లేదు, చేత్తో 15కు తగ్గిస్తాను. అయితే నా అంచనా ప్రకారం ఇరుకు స్ప్లిటర్ దగ్గర కాదు, ఆపరేటర్ బయటి నుంచి కొనే బ్యాండ్‌విడ్త్ దగ్గర. రద్దీ వేళల్లో లింకు వాడకం 80 శాతం లోపు ఉండాలని, 90 దాటితే రద్దీగా లెక్కించి నెలలోపు బ్యాండ్‌విడ్త్ పెంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 నాటి నిబంధనల్లోనే చెప్పింది. మా వైపు అది గుర్తుచేసేవారు కూడా ఉండాలి.

2022 జూలై వరదకు ఆరు రోజులు కనెక్షన్ లేదు, దానికి ఎవరినీ అనను. కొబ్బరి మట్టల మాట వేరు. కేబుల్‌ను చెట్టు నుంచి చెట్టుకు కట్టుకుంటూ వచ్చారు. ఒకసారి మట్ట పడి తీగ వంగితే, డేటా మోసే కాంతి బలం మోడెం దగ్గర మైనస్ 21 నుంచి మైనస్ 28 డీబీఎంకు దిగి, రెండు రోజులు లైను వస్తూ పోతూ ఉంది. మీరు కొత్తగా పెట్టించుకుంటుంటే స్తంభాల మీదుగా లాగమని మొదటే పట్టుబట్టండి.

పోయిన వారం ఆపరేటర్ కుర్రవాడిని మా స్ప్లిటర్ మీద ఎన్ని ఇళ్లున్నాయని అడిగాను. లెక్క చూసి ఇరవై ఏడన్నాడు. కొత్త ఇళ్లు కలిపే ముందు మ్యాచ్ ఉన్న రాత్రి ఒకసారి మా ఇంటికి వచ్చి పింగ్ చూడమన్నాను. వస్తానన్నాడు.