ఈజ్‌డన్ 'అయిపోయింది' అంటే నమ్మేశా: జావా ఫ్యూచర్‌తో నాలుగేళ్లు

జావా ప్రోగ్రామింగ్ భాషలో ఒక పనిని పక్కన నడవమని అప్పగిస్తే, దాని ఫలితం తర్వాత తెలుసుకోడానికి చేతికిచ్చే చీటీ లాంటిది ఫ్యూచర్. దాన్ని ఎలా వాడాలో, ఆ పనులు చేసే థ్రెడ్ పూల్ ఎలా పెట్టాలో నేను చెప్పను. నా గొడవంతా 'పని అయిపోయిందా?' అని ఫ్యూచర్‌ని అడిగే ఈజ్‌డన్ (isDone)తోనే.

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారికి ప్రోగ్రాం రాసిచ్చా. యార్డులో తూకం అయిన వెంటనే బరువు, ధర, రావాల్సిన మొత్తం రైతు ఫోనుకి మెసేజ్ పోవాలి. ఒక్కో మెసేజ్ ఒక్కో టాస్క్, ఈజ్‌డన్ ట్రూ అంటే ఆ పేరు పక్కన పచ్చ టిక్కు. రెండు సీజన్లు బ్రహ్మాండంగా నడిచింది, తెలిసినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నా. మూడో ఏడు డిసెంబర్లో ఒక మధ్యాహ్నం గుమాస్తా ఫోన్: "ఏమప్పా, అన్నీ పచ్చగానే ఉండాయి, రైతులేమో నా ముందర నిలబడి మెసేజే రాలేదంటాండారు."

కర్నూలు నుంచి బస్సెక్కి పోయి చూస్తే నిజమే, నూటా ఎనభై టిక్కులు, ఒక్కటీ ఎర్రగా లేదు. తీరా చూస్తే మెసేజ్‌లు పంపే ఖాతా పాస్‌వర్డ్ గడువు తీరిపోయి ప్రతి టాస్కూ ఎక్సెప్షన్‌తో, అంటే నడుస్తుండగా వచ్చిన తప్పుతో, చచ్చింది. సబ్మిట్ చేసిన పనిలో వచ్చిన ఎక్సెప్షన్‌ని గెట్ (ఫలితం ఇమ్మని అడిగేది) పిలిచేదాకా ఫ్యూచర్ మూటగట్టి తన దగ్గరే పెట్టుకుంటుంది, నేనేమో గెట్ ఎక్కడా పిలవలేదు. సక్రమంగా ముగిసినా, తప్పుతో ముగిసినా, క్యాన్సిల్ చేసినా ఈజ్‌డన్ లెక్కలో అన్నీ అయిపోయినట్టే. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాసుంది, చదవంది నేనే. అయినా ఆ పేరు చూస్తే పని జరిగిందనే కదా ఎవరైనా అనుకునేది!

ఆ రాత్రికి గెట్‌ని, తప్పొస్తే పట్టుకునే ట్రై క్యాచ్‌లో పెట్టి సర్దా. తర్వాత జావా 21కి మారాక పని ఏ స్థితిలో ఉందో చెప్పే స్టేట్ వాడటం మొదలుపెట్టా (2022లో జావా 19తోనే వచ్చింది, నేను చూసుకోలేదు). రన్నింగ్, సక్సెస్, ఫెయిల్డ్, క్యాన్సిల్డ్, నాలుగింటికీ నాలుగు రంగులు. ఫెయిల్డ్ అయితే ఎక్సెప్షన్‌నౌ పిలిచి కారణం కూడా పక్కనే చూపిస్తున్నా. మొదట్లో దండం పెట్టుకున్నా.

ఇప్పుడంత లేదులే. క్యూలో ఇంకా మొదలే కాని టాస్కుకీ రన్నింగ్ అనే చెప్తుంది, గుమాస్తా అది చూసి "పోతాంది, పోతాంది" అని రైతును కూర్చోబెడతాడు. క్యాన్సిల్డ్ అని వచ్చినా లోపల ఆ పని చేస్తున్న థ్రెడ్ ఆగిందన్న గ్యారంటీ లేదు. క్యాన్సిల్ చేసి మళ్లీ పంపితే ఒకాయనకు రెండు మెసేజ్‌లు పోయి, రెండు సార్లు డబ్బులు పడతాయేమో అనుకున్నాడు పాపం.

రోజుకి రెండు మూడొందల మెసేజ్‌లు, ఒకటే కంప్యూటర్, కాబట్టి నాకు స్టేట్ చాలు, పెద్ద సిస్టమ్‌లు నడిపేవాళ్ల సంగతి వేరు. నంద్యాలలో ఇంకో క్లయింటు జావా 17 దాటనంటున్నాడు, అక్కడ గెట్‌తోనే నెట్టుకొస్తున్నా. ఆదోని గుమాస్తా మాత్రం పచ్చ టిక్కు పడినా "ఏదీ, నీ ఫోన్ తీ" అని చూసుకున్నాకే రైతుకి చీటీ ఇస్తాడు.