పట్టం కట్టుకోని రాజుగారి మగ్గు

ముందు వస్తువు సంగతి. మీగడ రంగు ఎర్తెన్‌వేర్ (కాల్చిన మట్టి) మగ్గు, మామూలు కాఫీ మగ్గు కంటే కొంచెం చిన్నది. ముందువైపు బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ బొమ్మ, అటూ ఇటూ జెండాలు. వెనక సింహం, ఒంటికొమ్ము గుర్రం ఉన్న రాజముద్ర, దాని కింద పట్టాభిషేకం తేదీ, 1937 మే 12. అంచు మీది బంగారు గీత పెదవి ఆనే చోట అరిగిపోయింది. అంటే ఎవరో దీంట్లో నిజంగానే టీ తాగారు. నాకు నచ్చింది అదే.

ఈ రాజుగారు ఆ తేదీ దాకా గద్దె మీద లేరు. 1936 జనవరిలో రాజయ్యారు, విడాకులు తీసుకున్న అమెరికన్ వాలిస్ సింప్సన్‌ను తప్ప ఇంకెవర్నీ చేసుకోనని పట్టుబట్టి డిసెంబరు 11కల్లా దిగిపోయారు. తమాషా ఏమిటంటే తేదీ మాత్రం తప్పలేదు. ఏర్పాట్లు ఎలాగూ మొదలయ్యాయి కదా అని అదే రోజున తమ్ముడు ఆరో జార్జికి కిరీటం పెట్టేశారు.

నేను కొన్నది బర్మింగ్‌హామ్ దగ్గర ఒక ఆంటిక్ షాపులో. షాపాయన ఈ కథంతా చెప్పి, "రాజు దిగిపోగానే వీటిని పగలగొట్టేశారమ్మా, మిగిలినవి చాలా తక్కువ" అన్నాడు. ఇది మాత్రం నమ్మకండి. పింగాణీ సామాన్లకి పేరుపడ్డ స్టోక్-ఆన్-ట్రెంట్ ఊరి ఫ్యాక్టరీలు పట్టాభిషేకానికి చాలా ముందే సరుకు చేసి పెట్టుకున్నాయి, అవి బోలెడు అమ్ముడుపోయాయి. ఇక్కడి పాత సామాన్ల సంతల్లో ఈ రాజుగారు తరచూ కనిపిస్తూనే ఉంటారు. ఆ మాటే మెల్లగా అన్నాను. 35 పౌండ్లు కాస్తా 18 అయింది.

అసలు ఖరీదైనది వేరే ఉంది. వెడ్జ్‌వుడ్ కంపెనీకి ఎరిక్ రవీలియస్ అనే చిత్రకారుడు ఇదే పట్టాభిషేకానికి బాణసంచా బొమ్మతో మగ్గు డిజైన్ చేశాడు. దాన్నే కొంచెం మార్పు చేసి 1937లో జార్జికి వాడారు, జార్జి పోయాక 1953లో ఎలిజబెత్ రాణికి కూడా వాడారు. అది కావాలంటే వందల పౌండ్ల మాట. డబ్బులుంటే నేను అదే కొంటాను, కథ కోసం కాదు, బొమ్మ కోసం.

కొనేముందు మగ్గుని అరచేతిలో పెట్టుకుని గోటితో మీటండి, సంతలో కుండ కొన్నట్టే. ఖంగుమంటే మంచిదే. మందంగా చప్పుడైతే ఎక్కడో వెంట్రుకవాసి పగులు ఉండొచ్చు, అది కంటికి కనిపించకపోయినా సరే. గ్లేజ్ (పైన ఉండే గాజులాంటి పూత) మీద సన్నని వలలాంటి గీతలు మామూలే, వాటికి భయపడక్కర్లేదు. అడుగున ఇంగ్లాండ్ అని ముద్ర ఉంటే దాదాపు 1891 తర్వాతిదే. అమెరికాకి పంపే సరుకు మీద దేశం పేరు ఉండాలని అప్పుడు చట్టం అమల్లోకి వచ్చింది.

పక్క అరలోనే ఏడో ఎడ్వర్డ్ మగ్గు ఉంది, 1902 జూన్ 26 అని. ఆయనకి అపెండిసైటిస్ ఆపరేషన్ అయి, పట్టాభిషేకం ఆగస్టు 9కి వెళ్లింది. పాత తేదీ ఉన్నవే ఎక్కువ దొరుకుతాయి, కాబట్టి తప్పు తేదీ అని ఎక్కువ ఇవ్వకండి. ఆగస్టు తేదీ కనిపిస్తే ఆగి చూడండి.

విక్టోరియా రాణి 1887 జూబిలీ ప్లేటు కూడా చేతిలోకి తీసుకున్నాను. పనితనం నా మగ్గు కంటే ఎంతో మేలు. కానీ మాది కర్నూలు. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఈవిడని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించినప్పుడు మా వైపు ధాత కరువు (ధాత నామ సంవత్సరపు పెద్ద కరువు) నడుస్తోంది. చిన్నప్పుడు మా జేజి ఆ కరువు మాటలు చెప్పేది, వాళ్ల పెద్దవాళ్ల నోట విన్నవి. ప్లేటు తీసిన చోటే పెట్టేశాను. ఇది సమీక్ష కాదు, నా గోల.

మా ఆయన మాత్రం "టీ కూడా తాగలేనిదానికి 18 పౌండ్లా?" అన్నారు. తాగలేననడం నిజమే. ఆ కాలపు గ్లేజ్‌లలో సీసం ఉండొచ్చు, పైగా గీతల్లోకి టీ ఇంకి మరకలు పడతాయి. డిష్‌వాషర్‌లో అసలే వద్దు, మిగిలిన బంగారం కూడా పోతుంది. పెన్నులు వేసుకోవచ్చు.

ఐదుకి మూడున్నర. 18కి న్యాయమే. 35కి అయితే రెండు కూడా ఇవ్వను.