నరసరావుపేట టిఫిను హోటలు: పెసరట్టుకు ఐదు నక్షత్రాలు, గోడ మీది బోర్డుకు రెండు

నరసరావుపేట బస్టాండు దగ్గర సందులో ఉన్న ఈ హోటల్లో పెసరట్టు తినకుండా ఊరు దాటితే ఆ రోజు నాకు పని సాగదు. అట్టు పలచగా, అంచులు కరకరలాడుతూ వస్తుంది. లోపలి ఉప్మా గడ్డకట్టకుండా జారుగా ఉంటుంది. పచ్చిమిర్చి, అల్లం, ఉల్లిపాయ చల్లడంలో పిసినారితనం లేదు. అల్లం పచ్చడిలో బెల్లం సరిగ్గా నాలుక ఒప్పుకునేంతే పడుతుంది. సాంబారు మాత్రం వట్టి నీళ్లు. వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టండి.

విత్తనాల కంపెనీ తరఫున మాచర్ల, పిడుగురాళ్ల, వినుకొండ తిరిగే ఉద్యోగం నాది. ఏ ఊళ్లో ఏ టీ కొట్టు ఏ పార్టీదో తెలియకుండా ఈ ప్రాంతంలో వ్యాపారం చెయ్యలేం. చాలా ఊళ్లలో ఇటువాళ్ల కొట్టు ఇటు, అటువాళ్ల కొట్టు అటు. ఒకచోట టీ తాగినవాడు రెండో కొట్టు గడప తొక్కడు. అటువంటి పల్నాడు జిల్లాలో రెండు వర్గాలవాళ్లూ ఒకే బల్ల దగ్గర నిలబడి తినే చోటు ఇది. అందుకు కారణం గల్లాపెట్టె వెనక గోడ మీద ఎర్రరంగుతో రాసిన బోర్డు: ‘ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు’.

సెలూన్లలో, టీ కొట్లలో ఇటువంటి బోర్డులు ఎప్పటినుంచో ఉన్నవే. జనం వాటి కిందే కూర్చుని ప్రభుత్వాలను కూల్చేవారు, నిలబెట్టేవారు. ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. 2024 ఎన్నికల తర్వాత ఈ హోటల్లో మాత్రం అది నిజంగానే అమలవుతోంది.

మొన్న నా పక్కన ఒక మిర్చి రైతు, ఇడ్లీ తుంచుతూ, ఈ నెల కరెంటు బిల్లు చూశావా అని తోడొచ్చినవాడిని అడిగాడు. చట్నీ బకెట్టుతో తిరుగుతున్న కుర్రాడు నోరు తెరవలేదు, చేతిలోని గరిటెను గోడ వైపు ఎత్తి చూపించాడు. గరిటె నుంచి ఒక చుక్క రైతు చొక్కా మీద పడింది. ఆయన తల వంచుకుని ఇడ్లీ తిన్నాడు. కరెంటు బిల్లు రాజకీయమైతే ఇసుక, మద్యం, రోడ్ల గుంతలు, పట్టాదారు పాసుపుస్తకం మీద బొమ్మ, అన్నీ రాజకీయమే. పోనీ వానల గురించి మాట్లాడుకుందామా అంటే, వాన మాట సాగర్ కుడి కాలువ దాకా వెళ్లకుండా ఆగదు. ఇక మిగిలింది మోకాళ్ల నొప్పులు, పెళ్లి సంబంధాలు.

టీవీలో వార్తల చానెల్ పెట్టరు, పాత సినిమా పాటలే. పేపరు వేయించుకోవడం మానేశారు. మన రాష్ట్రంలో చేతిలో ఏ పేపరు ఉందో చూసి మనిషి ఓటు చెప్పెయ్యొచ్చు కాబట్టి అదీ అర్థం చేసుకోదగ్గదే. పార్సిలు చుట్టే పాత పేపర్లలో మాత్రం అన్ని పార్టీల నాయకులూ నూనె మరకలతో పక్కపక్కనే కనిపిస్తారు.

యజమానిని ఒకసారి కదిపాను. పెద్దాయన, మాటకారి. “బాబూ, పెసరట్టు తిన్నవాడు డబ్బులిస్తాడు. వాదన పెట్టుకున్నవాడు అద్దాలు పగలగొట్టి పోతాడు. ఆ అద్దాలకు ఏ పార్టీ డబ్బులిస్తుంది?” అన్నాడు.

ఆయన భయం ఊహించుకున్నది కాదు. 2024 మే 13న పోలింగు రోజు మాచర్లలో, ఈ ఊళ్లోనే, అటు తాడిపత్రిలో, మర్నాడు చంద్రగిరిలో పార్టీల మధ్య ఎలాంటి దాడులు జరిగాయో అందరూ చూశారు. మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు పోలింగు కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టడం కెమెరాకే చిక్కింది. ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండు చేసింది, పల్నాడు కలెక్టరును బదిలీ చేసింది. లెక్కింపు అయ్యాక కూడా 15 రోజులు 25 కంపెనీల కేంద్ర బలగాలు రాష్ట్రంలోనే ఉండాలని చెప్పింది. బంకుల్లో సీసాల్లోకి పెట్రోలు పొయ్యడం ఆపించారు. 144 సెక్షను నడుమ కొట్లు మూసుకున్నవాడికి ఆ బోర్డు అలంకారమెలా అవుతుంది?

అయినా దానికి రెండు నక్షత్రాలే ఎందుకంటే, అది తప్పుచేసినవాడి నోరు వదిలేసి తినడానికి వచ్చినవాడి నోరు కట్టేస్తోంది. రాళ్లు విసిరినవాళ్లు కరెంటు బిల్లు గురించి వాదించుకుని విసరలేదు. పైగా ఈ ఒక్క హోటలే కాదు, పైనుంచి కింద దాకా అదే పద్ధతి. 2020లో విశాఖ గ్యాస్ లీకుపై ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టిన గుంటూరు వృద్ధురాలి మీద సీఐడీ కేసు పెట్టింది. ప్రభుత్వం మారాక, 2024 నవంబరులో, అవతలి పార్టీ మద్దతుదారుల మీద రాష్ట్రమంతా సోషల్ మీడియా కేసులు. ఆడవాళ్ల మీద బూతులు రాసినవాడి మీద కేసు పెడితే నాకేమీ అభ్యంతరం లేదు. బూతును, ప్రశ్నను ఒకే గాటన కట్టడం దగ్గరే నా పేచీ. ఆన్‌లైన్ రాతల మీద కేసులకు వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది, కేసులు పెట్టే ఉత్సాహాన్ని మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. 2019లో ఊళ్లు వదిలి గుంటూరు శిబిరంలో తలదాచుకున్నది ఒక పార్టీవాళ్లు, 2024లో ఊళ్లు వదలాల్సి వచ్చిందన్నది రెండో పార్టీవాళ్లు. తమ వంతు వచ్చినప్పుడు మాత్రమే ఇద్దరికీ రాజ్యాంగం గుర్తొస్తుంది.

యజమాని బోర్డు మార్చదలిస్తే నాదొక సలహా: ‘ఇచ్చట అరవరాదు, చెయ్యెత్తరాదు’ అని రాయించండి. కరెంటు బిల్లు సంగతి రైతుకు వదిలెయ్యండి.

మిగతా విషయాలు. ధరలు న్యాయంగానే ఉన్నాయి. చెయ్యి కడుక్కునే చోటు ఇరుకు, కింద ఎప్పుడూ తడే. ఫిల్టరు కాఫీ బాగుంటుంది, టీ మాత్రం చక్కెర పాకం. ఉదయం ఎనిమిదిన్నర దాటితే పెసరట్టు పిండి అయిపోతుంది, తర్వాత మైసూరు బజ్జీతో సరిపెట్టుకోవాలి. టోకెనుకు చిల్లర తీసుకెళ్లండి. మూలనున్న బల్ల ఖాళీగా కనిపించినా అక్కడికి పోవద్దు, ఆ ఫ్యాను తిరగదు.