త్రిఫల మాత్రల్లో గాలిక్ ఆసిడ్‌కి మామూలు సీ18 కాలమ్: చాన్నాళ్లు వాడాక

హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ద్రావణంలోని పదార్థాలను విడదీసే గొట్టమే కాలమ్, లోపలి సిలికా రేణువుల మీది నూనెలాంటి పూత సీ18, ఒక్కో పదార్థం బయటికొచ్చినప్పుడు గ్రాఫ్‌లో లేచే గుట్ట పీక్. ఈ కాలమ్‌తో పీక్ షేప్ బాగుంది, రేటూ పర్వాలేదు. అయినా ఈ 250 మిల్లీమీటర్ల మామూలు సీ18 కాలమ్ మీద నాకు కోపం తగ్గలేదు. పంపు ఒక్కసారి ఆగితే చాలు, ఇది గాలిక్ ఆసిడ్‌ని పట్టుకోవడం మానేస్తుంది.

మాది మహబూబ్‌నగర్ దగ్గర చిన్న ల్యాబ్. గాలిక్ ఆసిడ్ నీళ్లలోకే మొగ్గే పదార్థం కాబట్టి, అది కాస్త ఆగి రావాలంటే మొబైల్ ఫేజ్ (కాలమ్‌లోంచి పంపు తోసే ద్రావణం) దాదాపు నీళ్లే ఉండాలి. మేం 0.1 శాతం ఆర్థోఫాస్ఫారిక్ ఆసిడ్ నీళ్లు 97 పాళ్లు, మెథనాల్ 3 పాళ్లు పెట్టి 270 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి దగ్గర చూస్తాం. పీక్ 8 నిమిషాల దగ్గర వస్తుంది.

ఎండాకాలంలో ఓ సాయంత్రం బ్యాచ్ మధ్యలో కరెంటు పోయింది, జనరేటర్ అందుకునేలోపే యూపీఎస్ చేతులెత్తేసింది, పంపు ఆగింది. మళ్లీ స్టార్ట్ చేసి స్టాండర్డ్ (తెలిసిన మోతాదు గాలిక్ ఆసిడ్ ద్రావణం) ఇంజెక్ట్ చేస్తే పీక్ 3 నిమిషాలకే, సాల్వెంట్ ఫ్రంట్‌ని (కాలమ్‌లో ఏమాత్రం ఆగనివి బయటికొచ్చే సమయాన్ని) ఆనుకుని వచ్చింది. ప్రెషర్ ఎప్పటిలాగే ఉంది, లీకు లేదు. గాలిక్ ఆసిడ్ ద్రావణం నిలవుంటే ఆక్సీకరణ చెంది రంగు మారుతుంది కదా అని స్టాండర్డ్ కొత్తగా చేసినా అంతే. తెల్లారి వచ్చిన సర్వీస్ ఇంజనీర్ పంపు సీళ్లు మార్చాలన్నాడు. శాంపిల్ ఇచ్చిన పార్టీకి రిపోర్ట్ ఆ రోజే ఇవ్వాలి, ఒకటే టెన్షన్. చివరికి జడ్చర్లలో పనిచేసే సీనియర్‌కి ఫోన్ చేస్తే, "పంపును ముట్టకు తమ్మీ, కాలమ్ డీవెట్ అయింది, మెథనాల్ పెంచి కడుగు" అన్నాడు. 60 శాతం మెథనాల్‌తో కడిగి, మళ్లీ పాత మొబైల్ ఫేజ్‌తో స్థిరపడనిచ్చాం. పీక్ 8 నిమిషాలకు వచ్చి నిలబడింది!

డీవెట్ అంటే అసలు సంగతేంటంటే, సిలికా రేణువుల్లోని సన్నటి రంధ్రాల లోపల సీ18 పూత నీటిని దగ్గరికి రానివ్వదు, ప్రెషర్ ఉన్నంతసేపే నీళ్లు అక్కడ ఉంటాయి. ప్రెషర్ పడిపోగానే బయటికొచ్చేస్తాయి, మళ్లీ పంపు తిప్పినా లోపలికి పోవు. ద్రావణం రేణువుల మధ్య సందుల్లోంచి పారుతుంది కాబట్టి ప్రెషర్‌లో ఏ తేడా కనపడదు, అందుకే అంత తిప్పలు. (మీది ఫాస్ఫేట్ బఫర్ అయితే ముందు ఉత్త నీళ్లతో కడగండి, నేరుగా మెథనాల్ ఎక్కువ పంపితే ఉప్పు పేరుకుంటుంది.)

ఈ కాలమ్ చాలాకాలం మన్నుతుందని మా వాళ్లకు చాలాసార్లు చెప్పాను. మన్నుతుంది, కానీ గార్డ్ కాలమ్ (అసలు కాలమ్‌కి ముందు మురికిని పట్టే చిన్న కాలమ్) మారుస్తూ ఉంటేనే, ఎందుకంటే కరక్కాయ టానిన్లు గట్టిగా అతుక్కుంటాయి. పీక్ షేప్ బాగుందన్నదీ అంతే, గార్డ్ పాతబడేకొద్దీ తోక సాగుతుంది.

మెథనాల్ పెంచితే ఈ బాధ తగ్గుతుంది గానీ మా శాంపిల్‌లో గాలిక్ ఆసిడ్ ముందుకు జరిగి పక్క పీకుల్లో కలిసిపోతోంది. కొత్తగా కొనేవాళ్లకు, ముఖ్యంగా మాలాగా కరెంటు మీద భరోసా లేనివాళ్లకు, పూర్తి నీటినీ తట్టుకునే రకం సీ18 తీసుకోమనే చెబుతాను. యూపీఎస్ గట్టిగా ఉన్న పెద్ద ల్యాబ్‌లకు ఇదే సరిపోవచ్చు. మాకు ఈ ఏడాది బడ్జెట్ లేదు, ఇంకొన్నాళ్లు దీంతోనే, కరెంటు పోయిన ప్రతిసారీ మెథనాల్‌తో కడుక్కుంటూ.