చిన్న గ్రాంటు: డబ్బు మంచిదే, చివరి విడతే ఏడిపించింది

మా సంఘంలో లెక్కలు రాసేది నేను. కాబట్టి ఇది కోశాధికారి రాస్తున్న రివ్యూ. ఫొటోల్లో రిబ్బన్ కత్తిరించిన వాళ్ళను అడిగితే ఇంకోలా చెప్పొచ్చు. చెరువు తూము బాగు చేయించి, కాలువలో పూడిక తీయించడానికి ఒక సంస్థ స్థానిక సంఘాలకు ఇచ్చే చిన్న గ్రాంటు తీసుకున్నాం. పేరు రాయను.

ముందు మంచి సంగతులు. దరఖాస్తు తెలుగులోనే తీసుకున్నారు. 'ఆశించే మార్పు' అని ఒక గడి ఉంది. అందులో "తూము మూసుకుపోయింది, చివరి పొలాలకు నీళ్ళు అందట్లేదు" అని రెండు ముక్కలు రాస్తే సరిపోయింది. పరిశీలనకు వచ్చిన అమ్మాయి చెప్పులు కట్ట మీద వదిలేసి బురదలోకి దిగింది, కర్ర పెట్టి లోతు చూసింది. "నీళ్ళుండగా పనెలా చేస్తారు? అడ్డంగా మట్టికట్ట వేస్తారు కదా, మోటారుతో తోడతారు కదా, ఆ ఖర్చులూ రాయండి" అంది. అలాంటి మనిషి దొరకడం సగం గ్రాంటుతో సమానం. మేం చేసే శ్రమదానాన్ని కూలి లెక్క కట్టి మా వాటాగా ఒప్పుకున్నారు, అదీ మెచ్చుకోవాలి.

ఎవరికి ఇవ్వాలో ఎవరు తేల్చారన్నది మాత్రం చివరిదాకా తెలియలేదు. ఎంపికయ్యారని ఒక మెయిల్ వచ్చింది, అంతే. ఇలాంటివాటిలో పేరున్నది 1992లో మొదలై, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ నడిపే జెఫ్ (ప్రపంచ పర్యావరణ నిధి) స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్. చాలా ఏళ్ళపాటు మామూలుగా 50,000 డాలర్ల లోపు గ్రాంట్లు నేరుగా సంఘాలకే ఇస్తూ వచ్చింది. గ్రాంట్లు ఖాయం చేసే జాతీయ కమిటీలో ప్రభుత్వేతరులే ఎక్కువమంది ఉండాలి. యూరోపియన్ యూనియన్ 2014–2020 నిబంధనల్లో అయితే, స్థానికంగా నిధులు ఎవరికివ్వాలో తేల్చే బృందంలో ప్రభుత్వ సంస్థలకు గానీ మరే ఒక్క వర్గానికి గానీ 49 శాతానికి మించి ఓట్లు ఉండకూడదని రాసిపెట్టారు. డబ్బు చిన్నదైనా, పంచేదెవరో జనానికి తెలిసేలా ఉండాలని నా అభిప్రాయం.

ఇక విడతలు. మొదటి రెండూ ఏ టెన్షన్ లేకుండా వచ్చాయి. మిగిలిన ఐదో వంతు పని పూర్తయి, బిల్లులూ రిపోర్టూ పంపి, వాళ్ళు ఆమోదించాకే వస్తుందట. అందాకా మేస్త్రీకి ఎవరివ్వాలి? "రిపోర్టు ఓకే అయ్యాక రా" అంటే ఆయన ఊరుకుంటాడా, ఆయన వెనక కూలీలున్నారు. చివరికి సభ్యుల దగ్గర చేబదుళ్ళు తెచ్చి తీర్చాం. చేతిలో డబ్బాడే సంఘాలకే ఈ షరతు కుదురుతుంది. కరపత్రంలో మాత్రం 'ఏ ఆధారమూ లేని సంఘాలకు ప్రాధాన్యం' అని ఉంది!

ఏం కొన్నా మూడు చోట్ల ధరలు రాయించుకు రావాలన్న మూడు కొటేషన్ల గోల ఇంకొకటి. ఇసుక, రాయి తోలేది ఒకే ఒక్క ట్రాక్టరు. మిగతా రెండు కొటేషన్లూ తానే తెప్పిస్తానన్నాడు ట్రాక్టరాయన, అదేదో మామూలే అన్నట్టు. మోసం జరక్కుండా పెట్టిన రూలు దొంగకాగితాలు పుట్టిస్తోందన్నమాట. నేను ఒప్పుకోలేదు. ఒకే కొటేషన్ పెట్టి, కారణం రాసి, తీర్మానం మీద అందరి సంతకాలూ వేలిముద్రలూ వేయించి పంపాను. ఫైలు వెనక్కొచ్చింది. అదే మళ్ళీ పంపితే ఈసారి తీసుకున్నారు. ఏం మారిందో వాళ్ళకే తెలియాలి.

తనిఖీ వద్దని కాదు నేననేది. ఇండోనేషియాలో 1998లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన కెచామతన్ (మన మండలం లాంటిది) కార్యక్రమం కింద గ్రామాలకే నిధులిచ్చి రోడ్లు వేయించారు. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త 600 పైచిలుకు గ్రామాల్లో ఆ రోడ్లను తవ్వించి, వాడిన సరుకెంతో కొలిపించి, రాసిన ఖర్చుతో పోల్చాడు. ఆడిట్ తప్పదని ముందే చెప్పిన చోట లెక్కతేలని ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. లెక్కల సమావేశాలకు జనాన్ని ఎక్కువగా పిలిచిన చోట సగటున పెద్ద తేడా రాలేదు. సంఘాల మీద నమ్మకమున్న నాలాంటి వాళ్ళకు ఆ రెండో ఫలితం కాస్త చేదే, అయినా నిజం నిజమే. మా తూము దగ్గరికీ టేపు పట్టుకుని రమ్మనండి, దగ్గరుండి చూపిస్తాను. పని అయ్యాక ఒక్కరూ రాలేదు. ఫొటోలు పంపమన్నారు. పంపితే, బ్యానరు మీద లోగో సరిగా కనబడట్లేదని తిప్పి పంపారు. తూములో నీళ్ళు బ్రహ్మాండంగా పారుతున్నాయి ఆ ఫొటోలో.

ఐదుకు మూడు ఇస్తాను. ఆ మూడింట్లో ఒకటి అచ్చంగా బురదలోకి దిగిన ఆ అమ్మాయికే. మళ్ళీ దరఖాస్తు పెడతారా అంటే పెడతాం, కాలువ కింది భాగం ఇంకా మిగిలే ఉంది. కాకపోతే ఈసారి చివరి విడత పదో వంతుకు తగ్గించమనీ, అమ్మేవాడు ఒక్కడే ఉన్నచోట ఒక కొటేషన్ చాలని రాసివ్వమనీ ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అడుగుతాను.