స్లైస్ తగ్గిస్తుందని ఫెయిర్‌వే వుడ్ అమ్ముతున్నారా? ముందు స్లీవ్ చూడండి

గోల్ఫ్‌లో స్లైస్‌తో (కుడిచేతి ఆటగాడి బంతి కుడివైపుకి వంగిపోవడం) విసిగిపోయి కొత్త ఫెయిర్‌వే వుడ్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) కోసం చూస్తున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. దుకాణం పేరు రాయడం లేదు. ఇలాంటి అమ్మకం ఎక్కడైనా జరగొచ్చు.

సిమ్యులేటర్‌లో ట్రయల్‌కి ఇచ్చిన 3 వుడ్‌తో (ఒక రకం ఫెయిర్‌వే వుడ్) బంతి దాదాపు తిన్నగా వెళ్లింది. "చాలా ఫర్గివింగ్ క్లబ్ సార్, స్లైస్ మర్చిపోండి" అన్నాడు సేల్స్‌మన్. అదే మోడల్ కొత్తది తీసుకుని కోర్సుకు వెళ్తే బంతి మళ్లీ కుడివైపు చెట్లలోకే. అనుమానం వచ్చి దుకాణానికి వెళ్లి రెండు క్లబ్బులూ పక్కపక్కన పెట్టించాను. డెమో క్లబ్ స్లీవ్ (క్లబ్ తలనీ షాఫ్ట్‌నీ, అంటే కర్రనీ కలిపే, తిప్పి అమర్చే భాగం) లాఫ్ట్ (బంతిని తాకే ఫేస్ వెనక్కి వాలిన కోణం) పెంచే వైపు తిప్పి ఉంది, షాఫ్ట్ రెగ్యులర్. నాకు అమ్మినది స్టాండర్డ్ సెట్టింగ్, షాఫ్ట్ స్టిఫ్, అంటే అంతకన్నా గట్టిది. అడిగితే "మోడల్ ఒకటే కదండీ" అన్నారు. సోల్ (క్లబ్ తల అడుగుభాగం) మీద గీతలు పడ్డాయి కాబట్టి వాపసు తీసుకోరట. గడ్డి మీద ఆడే క్లబ్‌కి గీతలు పడకుండా ఎలా ఉంటాయో వాళ్లే చెప్పాలి.

ఆ చిన్న స్లీవ్‌తో ఇంత తేడానా అనుకోవద్దు. లాఫ్ట్ పెంచే వైపు తిప్పితే, క్లబ్‌ను నేల మీద ఆనించినప్పుడు ఫేస్ కొంచెం మూసుకుంటుంది. తగ్గిస్తే తెరుచుకుంటుంది. కుడిచేతి ఆటగాడికి స్లైస్ పడేదే స్వింగ్ దారితో పోలిస్తే ఫేస్ తెరుచుకుని ఉండటం వల్ల. అంటే ట్రయల్‌లో నా స్లైస్‌ను కొంత దాచింది మోడల్ కాదు, సెట్టింగ్. పైగా షాఫ్ట్ మన స్వింగ్‌కి మరీ గట్టిగా, బరువుగా ఉంటే చాలామందికి ఫేస్ సమయానికి తిరగదు.

'ఫర్గివింగ్' అన్న మాటతోనూ జాగ్రత్త. బంతి ఫేస్ మధ్యలో తగలకపోయినా క్లబ్ తల ఎక్కువగా మెలితిరగకుండా, దూరం మరీ పోకుండా చూసేది ఆ గుణం. తెరిచిన ఫేస్‌ను అది మూయదు. స్లైస్‌కి పనికొచ్చేవి వేరే: హీల్ (తలలో షాఫ్ట్ దగ్గరి కొస) వైపు బరువు, కాస్త నిటారు లై (నేలతో షాఫ్ట్ చేసే కోణం), ఆఫ్‌సెట్ (ఫేస్ షాఫ్ట్ కన్నా కాస్త వెనక ఉండటం). 'డ్రా' (స్లైస్‌కి వ్యతిరేకంగా బంతి వంగడం) అని రాసి ఉంటే వీటిలో ఏది ఉందో అడగండి. నేనడిగితే "కంపెనీ టెక్నాలజీ" అన్నారు, అంతే.

అసలు 3 వుడ్డే ఎందుకు అంటగడతారో నాకర్థం కాదు. దాని లాఫ్ట్ సాధారణంగా 15 డిగ్రీల దగ్గర. 5 వుడ్‌ది 18 లేదా 19, 7 వుడ్‌ది 21, 22. లాఫ్ట్ పెరిగే కొద్దీ బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరుగుతూ వెళ్లడం) పెరుగుతుంది, ఫేస్ అంతే తెరుచుకున్నా బంతి పక్కకు వంగడం తగ్గుతుంది. షాఫ్ట్ కూడా కొంచెం పొట్టిగా ఉంటుంది కాబట్టి మధ్యలో కొట్టడం తేలిక. స్లైస్ ఉన్నవాళ్లకి నా ఓటు 5 వుడ్‌కే. నాలుగు గజాలు తగ్గితే తగ్గాయి, బంతి దొరుకుతుంది కదా!

మ్యాట్ మీద ట్రయల్‌ని కూడా పూర్తిగా నమ్మకండి. క్లబ్ బంతికి ముందే నేలను తాకినా మ్యాట్ మీద జారిపోయి మంచి షాట్‌లా కనిపిస్తుంది. వీలైతే గడ్డి మీద, మీరు కోర్సులో ఆడే బంతితోనే కొట్టి చూడండి. స్క్రీన్ మీద దూరం కాదు, ఫేస్ యాంగిల్ (ఫేస్ ఎటు చూస్తోందో), క్లబ్ పాత్ (స్వింగ్ దారి) అంకెలు చూపించమనండి. అవి చూపించడానికి నసిగితే అక్కడి నుంచి వచ్చేయండి.

కొనేటప్పుడు డెమో క్లబ్ స్లీవ్ మీది గుర్తునీ, షాఫ్ట్ మీది అక్షరాలనీ ఫోటో తీసుకోండి. బిల్లు మీద లాఫ్ట్, షాఫ్ట్ ఫ్లెక్స్ (రెగ్యులరా, స్టిఫ్ఫా), స్లీవ్ సెట్టింగ్ రాయించుకోండి. ఆడాక వాపసు తీసుకుంటారా లేదా అన్నది కూడా అదే బిల్లు మీద ఉండాలి, నోటి మాట చాలదు. స్లీవ్ లేని, అతికించిన షాఫ్ట్ మోడల్ అయితే తర్వాత మార్చడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి, కొట్టి చూసిన ఆ క్లబ్‌నే ఇమ్మనండి.