షీఆన్‌లో గది బుక్ చేసే ముందు హోటల్‌కి ఒక ఫోన్ కొట్టండి

షాంఘైలో మా ఇంటికొచ్చిన అత్తగారికి చైనా అంటే ఎత్తు భవనాలూ మాల్సూ మాత్రమే కాదని చూపిద్దామని పాత రాజధాని షీఆన్ తీసుకెళ్లాం. హైస్పీడ్ రైల్లో ఆరేడు గంటలు, సెకండ్ క్లాస్ మనిషికి దాదాపు 670 యువాన్లు. రైలు గురించి చెప్పుకోవడానికేమీ లేదు, టైముకి చేర్చింది.

గొడవంతా రాత్రి పదకొండింటికి హోటల్ కౌంటర్ దగ్గర. యాప్‌లో 268 యువాన్లు కట్టేశాం, కన్ఫర్మ్ అయినట్టు మెసేజ్ కూడా వచ్చింది. కౌంటర్లో అమ్మాయి మా పాస్‌పోర్టులు చూసి, విదేశీయులకు గది ఇవ్వమంది. ఇక్కడే ఉద్యోగం చేస్తున్నామని రెసిడెన్స్ పర్మిట్ చూపించినా వినలేదు. చైనాలో హోటల్లో దిగిన విదేశీయుల వివరాలు పోలీసుల సిస్టమ్‌లో ఎక్కించాలి. ఆ పని వాళ్లకు రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. విదేశీయులన్న కారణంతో గది కాదనకూడదని ప్రభుత్వం 2024లోనే చెప్పింది. ఆ మాట అంటే మేనేజర్ నవ్వి ఊరుకున్నాడు. మా ఆవిడ చైనీస్‌లో గట్టిగానే అడిగింది. అత్తగారు సూట్‌కేసు మీద కూర్చుని, "డబ్బు కట్టించుకునేటప్పుడు తెలీదా మనం ఎవరమో?" అన్నారు. అది తెలుగులోనే అన్నా, కౌంటర్ అమ్మాయి తల దించుకుంది.

చివరికి బెల్ టవర్ దగ్గర ఇంకో హోటల్లో 460కి గది దొరికింది. అక్కడ పాస్‌పోర్టులు స్కాన్ చేసి ఐదు నిమిషాల్లో తాళం ఇచ్చారు. పాత డబ్బు యాప్ వాళ్లతో పోట్లాడితే వెనక్కొచ్చింది కానీ, పైన పడిన 192 యువాన్లు మాకే పడ్డాయి. యాప్ మాట నమ్మకండి. బుక్ చేసే ముందే ఫోన్ చేసి, పాస్‌పోర్టు మీద గది ఇస్తారా అని అడగండి.

పొద్దున్న ఎవరి మొహంలోనూ కళ లేదు. ఆ మూడ్ మార్చింది ఒక సందులోని నూడుల్స్ కొట్టు. యోపో మియాన్, 18 యువాన్లు. బెల్టంత వెడల్పు నూడుల్స్ మీద ఎండుమిర్చి కారం, సన్నగా తరిగిన వెల్లుల్లి పోసి, సలసల కాగిన నూనె మన కళ్ల ముందే గరిటెతో పోస్తారు. చుయ్యిమనగానే ఘాటుకి అత్తగారికి దగ్గొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. మాంసం వద్దని ముందే చెప్పండి. షాంఘై తీపి కూరలతో విసిగిపోయిన ఆవిడ గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం కారం అడిగారు.

మట్టి సైన్యం, అంటే చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మలు, చూడ్డానికి టికెట్ 120 యువాన్లు, పాస్‌పోర్టు నంబర్‌తో ముందే బుక్ చేసుకోవాలి. ఊరికి తూర్పున 40 కిలోమీటర్ల దూరం. స్టేషన్ బయట "మ్యూజియం, మ్యూజియం" అంటూ వెంటపడేవాళ్ల కార్లెక్కకండి, నకిలీ బొమ్మల షెడ్డుకి తీసుకెళ్లి దింపుతారు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడిందిది. బొమ్మలు దొరికిన గోతుల్లో అందరూ మొదటి గొయ్యి రెయిలింగ్ దగ్గరే తోసుకుంటారు, సెలవు రోజుల్లో అయితే ఎదుటివాళ్ల ఫోన్లే కనిపిస్తాయి. నన్నడిగితే రెండో గొయ్యి హాల్లో అద్దాల పెట్టెలో ఉన్న మోకాళ్ల మీది విలుకాడి దగ్గర ఎక్కువసేపు ఉండండి. వెనక్కి వెళ్లి చూస్తే చెప్పు అడుగున కుట్లు కూడా ఒక్కొక్కటీ కనిపిస్తాయి. రెండు వేల ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. కంచు రథాలు ఇప్పుడు అక్కడ లేవు, చక్రవర్తి సమాధి ఉన్న లిషాన్ తోట వైపు మార్చారు. అదే టికెట్ చెల్లుతుంది, షటిల్ బస్సుంది. చాలామందికి తెలియక అవి చూడకుండానే వెళ్లిపోతున్నారు.

అత్తగారికి మాత్రం సైన్యం కన్నా పెద్ద బాతు పగోడానే నచ్చింది. మన పాఠాల్లోని హ్యూయన్ త్సాంగ్ 645లో ఇండియా నుంచి తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టించింది. ఆయన మన ధాన్యకటకం కూడా వచ్చాడని చెబితే, సత్తెనపల్లిలో పుట్టిన ఆవిడ విగ్రహం ముందు ఆగిపోయి, "మా అమరావతి వచ్చాడా ఈయన? అంత దూరం నడిచా?" అని నన్ను రెండుసార్లు అడిగారు. పగోడా ఎక్కడానికి టికెట్ విడిగా కొనాలి. ఎక్కకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు, మెట్లు ఇరుకు, పై కిటికీల్లోంచి కనిపించేవి అపార్ట్‌మెంట్లే.

ఆ డబ్బు మిగుల్చుకుని కోటగోడ ఎక్కండి. టికెట్ 54, సైకిల్ అద్దె వేరు. చుట్టూ దాదాపు 14 కిలోమీటర్లు, సాయంత్రం ఎండ తగ్గాక అయితే హాయిగా ఉంటుంది. రాతి పలకల మీద సైకిల్ ఎగిరెగిరి పడుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు బ్యాటరీ కారెక్కండి. అత్తగారు అదే ఎక్కారు, మమ్మల్ని దాటేటప్పుడు చెయ్యి కూడా ఊపారు.